చేను మూల విష్ణుక్రాంత

బెంగళూరు, కాటన్‌పేట
1942 జూలై

తమ్ముడు శీనప్పకు,

నీ కార్డు చేరింది. లారీ తోలుతున్నావని, ఒంట్లో బాగుందని రాశావు. నాయనకు మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారి అయ్యాక "ఇంగేమీ రాయలేదా?" అని అడిగాడు. కార్డులో చోటు అంతేనని చెప్పాను.

నాయన ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది. చేను పెద్దమునియప్పకు పంటలో సగానికి కోరుకు ఇచ్చాం. నువ్వు దాని గురించి దిగులు పడకు.

వచ్చేటప్పుడు ఏం తెచ్చాడనుకున్నావు? అమ్మ సమాధి మీద పెరిగిన విష్ణుక్రాంతను మట్టిగడ్డతో సహా తవ్వి, గోనెగుడ్డలో చుట్టి, యలహంకలో రైలెక్కి, ఇక్కడి దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మీ బావ నవ్వాడు. "మామా, లాల్‌బాగులో లేని పువ్వా ఇది?" అన్నాడు. నాయన గోనె విప్పుతూనే, "లాల్‌బాగులో మీయత్త లేదు కదప్పా" అన్నాడు. మీ బావ నవ్వు ఆపి, తానే పలుగు తెచ్చి గుంత తవ్వి ఇచ్చాడు.

మా పెరడు నీకు తెలుసు కదా, పెరడు అనడానికే సిగ్గు. బట్టలుతికే బండకూ గోడకూ మధ్య జానెడు చోటు. అక్కడే నాటాం. నేను పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. అమ్మ పోయి నాలుగేళ్ళయినా, ఆ నీలం పువ్వు చూస్తే ఆమె మా ఇంటికి వచ్చి కూర్చున్నట్టుంది.

మీ బావకు రాత్రీ పగలూ ఖాకీ కుట్టడమే పని. ఆ చొక్కాల్లో ఒకటి నీ ఒంటి మీదికి వచ్చిందేమోనని ప్రతి బొత్తామూ రెండుసార్లు గట్టి చేస్తాడు.

నీ అక్క,
అంజినమ్మ


పేరు రాయకూడని చోటు
1942 ఆగస్టు

అక్కా,

ముందు ఆ చెంబు పక్కన పెట్టు. విష్ణుక్రాంతకు నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళిపోతుంది. అది మన ఎర్ర గరుసులో పుట్టింది. దానికి ఎరువు వద్దు, నీడ వద్దు. బండ దగ్గర నుంచి తీసేసి, ఇసుకా పెంకుముక్కలూ కలిపిన మట్టిలో, ఎండ నేరుగా పడేచోట పెట్టు. ఎండిపోయినట్టు కనబడినా పీకొద్దు. మన చేనులో వేసవి అంతా పుల్లల్లాగా పడి ఉండి, ఒక్క వాన పడితే లేచేది కాదా?

అమ్మ రాగిలో కలుపు తీసేటప్పుడు దాన్ని మాత్రం ముట్టనిచ్చేది కాదు. "ఇది కలుపు కాదురా, చూసుకునేది" అనేది. నా గోటి మీద ఆ పువ్వు అంటించి, సరిగ్గా గోరంతే ఉందని చూపేది. ఆమె సమాధి మీద దాన్ని మనమెవరమూ నాటలేదు. దానంతట అదే వచ్చింది. అది గుర్తొస్తే నాకిక్కడ కొంచెం ధైర్యంగా ఉంటుంది.

ఒక సంగతి అర్థం కాలేదు. రాగి విత్తే రోజుల్లో నాయన చేను వదిలి పట్నంలో కూర్చోవడమేమిటి? నీ మొదటి కాన్పుకు కూడా పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయాడు. మోకాళ్ళ నొప్పి పదేళ్ళుగా ఉన్నదే. అమావాస్యకు అమ్మ దగ్గర దీపం ఎవరు పెడుతున్నారు? పెద్దమునియప్ప పెడతాడా?

నేను తిరిగి వచ్చాక చేసే మొదటి పని సమాధి చుట్టూ రాతికట్ట కట్టడం. నాయనకు చెప్పు.

ఇక్కడ వాన. తడవని గుడ్డ ఒక్కటీ లేదు.

శీనప్ప


బెంగళూరు, కాటన్‌పేట
1942 సెప్టెంబరు

శీనప్పా,

నీ జాబు వచ్చేసరికే ఆ చెట్టు పోయింది. బట్టలుతికిన నీళ్ళన్నీ అటే ఇంకేవి, పైగా నా చెంబు. ఒకరోజు ఆకులు నల్లబడ్డాయి. నాయన పీకి, వేరు వాసన చూసి, ఏమీ అనకుండా గోడవార పెట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు చెప్పకుండా రైలెక్కి ఊరికి పోయాడు. ఇంకో చెట్టు తెస్తాడనుకున్నాను. పొద్దు వాలేసరికి ఉత్త చేతులతో వచ్చాడు. ముంజేతి మీద పొడుగ్గా గీరుకుంది. "ముల్లు" అన్నాడు. పసుపు అద్ది గుడ్డ కట్టాను.

కానీ విను. ఆ పాత గోనెగుడ్డను దులుపుతుంటే దాని నేతలో ఇరుక్కున్న ఎండుకాయలు దొరికాయి నాయనకు. మిరియపు గింజంత కూడా లేవు. వాటిని అరచేతిలో నలిపి విత్తనాలు తీశాడు. మీ బావ చిల్లుపడిన అండా ఒకటి తెచ్చిస్తే, అందులో పెంకుముక్కలూ ఇసుకా ఇటుకపొడీ నింపి, మిద్దె మీద పెట్టి చల్లాడు. నువ్వు రాసింది చదవకముందే అంతా నువ్వు చెప్పినట్టే చేశాడు.

పొద్దున్నుంచీ దాని పక్కనే కూర్చుంటాడు. పక్కింటి సుబ్బలక్ష్మమ్మ వడియాలు ఎండబెట్టుకోవడానికి వచ్చి, "ఏమప్పా, ఉత్త అండాకు కావలి ఉండావు?" అని అడిగింది.

"ఉత్తది కాదమ్మా. లోపల నిదరపోతా ఉండాయి" అన్నాడు.

మొన్న నాలుగు మొలకలు కనిపించాయి. నాయన నన్ను కేకేసి పిలిచాడు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో.

రాతికట్ట సంగతి చెప్పాను. విని, "ఊఁ" అన్నాడు. చేను గురించి అడిగావు. ఆ వైపు వానలు బాగా పడ్డాయట. ఇక్కడి వీధుల్లో గలాటా గురించి రాయను, రాసినా నీదాకా రానివ్వరట. నీ ఒళ్ళు జాగ్రత్త.

అంజినమ్మ


పేరు రాయకూడని చోటు
1942 నవంబరు

అక్కా,

పెద్దమునియప్ప కొడుకు చిక్కమునియప్ప కొత్త దళంతో ఇక్కడికి వచ్చాడు. మన ఊరివాడు కనబడ్డాడని ఎగిరి గంతేశాను. ఎందుకురా పట్టాళంలో చేరావు, మన చేను ఎవరు దున్నుతున్నారు అని అడిగాను. వాడు నా ముఖం చూసి, "నీకు తెలీదా అన్నా?" అన్నాడు.

మన చేనూ వాళ్ళ చేనూ, ఆ పక్కనున్న బీళ్ళూ అన్నీ విమానాలు దిగే మైదానానికి తీసుకున్నారట. గట్లు లేవట. చింతచెట్టు లేదట. మన ఇల్లు లేదట. అమ్మ ఉన్న మూల మీద రోలరు తిరిగిందట. పని చేసుకోవడానికి భూమి లేకనే వాడు ఇక్కడికి వచ్చాడు.

నువ్వేమో వానలు బాగా పడ్డాయని రాశావు.

నీ జాబులన్నీ తీసి మళ్ళీ చదివాను. మోకాళ్ళ నొప్పి. కోరుకు ఇచ్చాం. ముల్లు గీరుకుంది. నాయన చేయి గీరుకుంది ముళ్ళకంచెకు కదా? నేను రాతికట్ట కడతానని రాస్తే ఆయన "ఊఁ" అన్నాడని చెప్పావే, ఆ మాట రాసేటప్పుడు నీ చేయి ఎలా ఆడింది? నేను చిన్నపిల్లవాణ్ణా? అమ్మ నాకు అమ్మ కాదా?

ఇంతే రాసి రెండు రోజులు ఆపాను. ఇప్పుడు మిగతాది రాస్తున్నాను. జాబులు చూసేవాళ్ళు ఈ ముక్క కత్తిరిస్తే కత్తిరించనీ.

మేమిక్కడ చేసే పనీ అదే అక్కా. వరిమళ్ళు, వెదురు పొదలు, ఇళ్ళు, అన్నీ చదును చేసి మైదానం కడుతున్నాం. నేను లారీలో గులకరాయి తెచ్చి పోస్తాను. ఆర్నెల్ల నుంచి పోస్తున్నాను. ఈ జనం వెదురు తడికల పక్కన నిలబడి చూస్తుంటారు. వాళ్ళ భాష నాకు రాదు. వాళ్ళు ఏదో అంటుంటారు, మేం హారన్ కొడతాం. చిక్కమునియప్ప చెప్పేదాకా వాళ్ళు ఏమంటున్నారో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఈ జాబు నాయనకు చదవొద్దు. నేను బాగున్నానని మాత్రం చెప్పు.

శీనప్ప


బెంగళూరు, కాటన్‌పేట
1943 జనవరి

శీనప్పా,

నువ్వు తిట్టింది న్యాయమే. ఇప్పుడు ఏదీ దాచకుండా రాస్తాను.

పోయిన వైశాఖంలో కొలత గొలుసులూ జెండాలూ పట్టుకుని మనుషులు వచ్చారు. తర్వాత చేలు ఖాళీ చేయాలని దండోరా వేశారు. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. యుద్ధం అన్నారు, అంతే. మనవాళ్ళందరికీ సొంత చేలలోనే సమాధులు కదా, పెద్దల్ని ఏం చేయాలని ఊరివాళ్ళు అడిగారు. కావాలంటే తవ్వి తీసుకుపొమ్మన్నారు. మన చేను వంతు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పని చూసే ఆఫీసరు చిన్నవాడు, కన్నడంలో మర్యాదగానే మాట్లాడాడు. మధ్యాహ్నం దాకా ఈ మూల ముట్టుకోము, తవ్వుకో తాతా అన్నాడు. మనుషుల్ని కూడా దూరంగా పంపించాడు.

నాయన గడ్డపార పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాడు. ఎండెక్కింది. నేను పోయి "లే నాయనా, టైమైపోతుంది" అన్నాను.

"పండుకున్న మనిషిని లేపి యాడికి పిల్చుకోని పొయ్యేది అమ్మణ్ణీ? నాకే ఇల్లు లేదు" అన్నాడు.

ఒక్క వేటు కూడా వేయలేదు. మధ్యాహ్నం ఆఫీసరు మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. అప్పుడు నాయన గడ్డపార పక్కన పడేసి, చేతులతో మట్టి తోడి, ఆ చెట్టు తీసుకున్నాడు. అమ్మను వదిలి పువ్వు తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి అదే ఆయన్ను తింటున్నది.

నీకు రాయొద్దన్నది ఆయనే. "వాడు గుండ్ల మధ్య ఉండాడు. నిలబడేదానికి ఒక నేల ఉండాదని అనుకోనీ" అన్నాడు. ఆ మాట కాదనలేకపోయాను.

చెట్టు కుళ్ళిపోయాక ఊరికి పోయింది ఇంకో చెట్టు కోసమే. కంచె కింద దూరబోయాడట, కాపలావాడు వెనక్కి లాగాడు. తర్వాత కూడా పోయేవాడు. కంచె బయట కూర్చుని లోపలికి చూసి వచ్చేవాడు. "ఏ మూలో తెలీలేదు అమ్మణ్ణీ. అంతా ఒకటే ఐపోయుండాది" అన్నాడొకసారి. నలభై ఏళ్ళు దున్నిన చేనులో ఆయనకు దిక్కు తెలియలేదు శీనప్పా.

మిద్దె మీది మొలకల్లో మూడు పోయాయి. ఒకటి నిలిచి అండా అంచు మీదుగా పాకింది. మార్గశిరంలో మొదటి పువ్వు వచ్చింది. నేను దాన్ని చూసి కిందికి పరిగెత్తి, రాగిముద్ద తింటున్న నాయనను ఎంగిలిచేత్తోనే లాక్కొచ్చాను. ఏడుస్తాడనుకున్నాను. వంగి చూశాడు. వేలితో రెక్కను తాకాడు. మన చేనులోది ఎట్లా ఉండేదో అచ్చం అట్లాగే ఉంది, ఏమీ తేడా లేదు.

"ఇది మీయమ్మ కాదులే అమ్మణ్ణీ. పువ్వు, అంతే" అన్నాడు.

మధ్యాహ్నానికి అది ముడుచుకుంది. ఆ తర్వాత నాయన మిద్దె ఎక్కలేదు. నీళ్ళు కావాలా వద్దా అని కూడా అడగడు. నేనే వారానికోసారి తడి చేస్తున్నాను.

ఇక నీ జాబు. చదవొద్దని నువ్వు చివర్లో రాశావు, నేను నాయన ముందు కూర్చుని మొదటి నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. చిక్కమునియప్ప పేరు వచ్చేసరికి ఆగిపోయాను. "ఏమి నిలిచిపోయినావు? చదువు" అన్నాడు. తప్పించుకోబోయాను. "వానికి తెలిసిపోయింది కదా? చదువు" అన్నాడు. అంతా చదివాను. నువ్వు పోసే గులకరాయి సంగతీ చదివాను.

ఆ పూట తినలేదు. మర్నాడు పొద్దున నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"వానికి రాయి. సర్కారు పని, చెయ్యనంటే కుదరదు. నేనేమీ వాని మింద కోపంగా లేను. అయితే రాయి పోసే ముందర ఒకసారి కిందికి దిగి చూడమను. ఆడ ఎవరన్నా నిలబడి ఉంటే బండి ఆపమను. నాకు ఆపినారు. నేనే తవ్వుకోలేకపోతిని. వాళ్ళకన్నా తవ్వుకునే గుండె ఉంటాదేమో."

రోజూ టపా వచ్చే వేళకు గుమ్మంలో కూర్చుంటున్నాడు. త్వరగా రాయి.

అంజినమ్మ


పేరు రాయకూడని చోటు
1943 ఫిబ్రవరి

అక్కా, ఇది నాయనకు రాస్తున్నాను. గట్టిగా చదివి వినిపించు. ఏదీ వదలొద్దు.

నాయనా,

నువ్వు చెప్పి పంపింది అందింది. దాన్ని మడిచి టోపీలో పెట్టుకున్నాను.

పోయిన వారం మమ్మల్ని కొత్త వైపుకు పంపారు. అడవి కొట్టేశారు, చదును చేయడమే మిగిలింది. నాది ముందు లారీ. దిగి చూశాను. రెండు మట్టిదిబ్బలు, తలవైపున నిలబెట్టిన రాళ్ళు ఉన్నాయి. ఒక ముసలావిడ వాటి మధ్య కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, కోడళ్ళో కూతుళ్ళో. చేతుల్లో పారలు ఉన్నాయి కానీ నన్ను చూసి లేచి నిలబడ్డారు, పొమ్మంటామేమోనని.

లారీని దారికి అడ్డంగా పెట్టి ఇంజను ఆపేశాను. వాళ్ళకు చేత్తో సైగ చేశాను, తవ్వుకోమని. ముసలావిడకు ముందు అర్థం కాలేదు. నేను నేల మీద కూర్చుని చేతులతో మట్టి తోడినట్టు చూపించాను. అప్పుడు మొదలుపెట్టారు. వెనక లారీలు వరసగా నిలిచిపోయి హారన్లు కొట్టాయి. ఇంజను చెడిందని అరిచాను. చిక్కమునియప్ప రెండో లారీలో ఉన్నాడు. వాడు దిగివచ్చి బానెట్ ఎత్తి, లోపల తల పెట్టి, రిపేరు చేస్తున్నట్టు నిలబడ్డాడు. వాడు ఏడుస్తున్నాడు నాయనా, నేను చూడనట్టు ఉన్నాను.

ఒక దిబ్బలోంచి తీసుకున్నారు. ముసలావిడ తన పైగుడ్డలో మూటకట్టి ఎత్తుకుంది. చాలా చిన్న మూట. బిడ్డేమో.

రెండోది మొదలుపెట్టారు. ఇంతలో జీపులో ఆఫీసరు వచ్చాడు. తానే నా సీట్లో కూర్చుని మీట తిప్పాడు, ఇంజను వెంటనే అందుకుంది. నన్ను పక్కకు నెట్టి ఇంకో డ్రైవరును ఎక్కించాడు. ఆ ఆడవాళ్ళను పంపించేశారు. రెండో దిబ్బ అలాగే ఉండిపోయింది. దాని మీద పడిన గులకరాయి నా లారీలోదే, నేను పొద్దున్నే నింపుకుని వచ్చిందే.

లారీ తీసేసుకున్నారు. ఇప్పుడు తట్టతో రాళ్ళు మోస్తున్నాను. ఇంకేమీ చేయలేదు నన్ను. నువ్వు దిగులు పడొద్దు.

ఆపాను నాయనా. కానీ సగమే అయింది. నువ్వైతే ఏం చేసేవాడివో చెప్పి రాయించు. నువ్వు చెబితే నాకు కొంచెం నిద్ర పడుతుంది.

నీ కొడుకు,
శీనప్ప


బెంగళూరు, కాటన్‌పేట
1943 మార్చి

శీనప్పా,

ఎక్కడైనా కూర్చుని ఉంటేనే చదువు. చిక్కమునియప్పను పక్కన పెట్టుకుని చదువు.

నాయన పోయాడు. మాఘం చివర్లో, పొద్దున. నీ జాబు ఆ తర్వాత వచ్చింది.

చలిలో గుమ్మంలో కూర్చోవద్దంటే వినలేదు. రొమ్ము పట్టింది. మీ బావ అంగడి మూసి డాక్టరును తెచ్చాడు, మందు పోశాం, కషాయం పోశాం. నాలుగు రోజులు ఎగశ్వాసతో పడి ఉన్నాడు. మాట మాత్రం తెలివిగానే ఉంది.

ఎక్కడ పెట్టారని అడుగుతావు. ఆయన తన చోటు తానే చెప్పి ఉంచాడు కదా, అమ్మకు ఎడమపక్కన అని. మీ బావ ఎవరెవరినో పట్టుకుని, కంచె దగ్గరికి పోయి, లోపలికి వద్దు, బయట ఆనుకుని అయినా చోటు ఇవ్వమని అడిగి వచ్చాడు. కాదన్నారు. మిల్లు వెనక రుద్రభూమిలో, ఎవరెవరో తెలియని వాళ్ళ మధ్య పెట్టాం. అక్కడ నేల నల్లగా, తడిగా ఉంది. గుంత తవ్వుతుంటే నీళ్ళు ఊరాయి. మిద్దె మీది చెట్టును తెచ్చి పెడదామని మీ బావ అన్నాడు. వద్దన్నాను. ఆ తడికి అది బతకదు. బతికినా, నాయన దాన్ని "పువ్వు, అంతే" అన్నాడు కదా.

పుట్టింది, దున్నింది, పెళ్ళాన్ని పెట్టింది ఒకచోట. ఆయన మాత్రం ఇక్కడ. అమ్మ అక్కడ, ఆమె మీద విమానాలు. ఈ మాట నా నోట పైకి అనలేదు ఇంతవరకు. నీకే రాస్తున్నాను.

ఇప్పుడు చివరి రోజు సంగతి చెప్పాలి.

తెల్లవారాక కళ్ళు తెరిచి, "టపా వచ్చిందా?" అన్నాడు. ఆ వేళకు టపా ఎక్కడిది? అయినా అడుగుతూనే ఉన్నాడు. "శీనడు బండి ఆపినాడా?" అన్నాడు. మళ్ళీ అదే. ఊపిరి అందక, మాట విరిగి, మళ్ళీ అదే. నేను మీ బావ వైపు చూశాను. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఆపినాడు నాయనా. జాబు వచ్చింది" అన్నాను.

"చదువు" అన్నాడు.

గోడకు గుచ్చి ఉన్న నీ పాత జాబులోంచి ఒక కాగితం లాగి, ఆయన పక్కన కూర్చుని, దాన్ని చూస్తూ నోటికి వచ్చింది చదివాను. నువ్వు లారీ దిగావని చదివాను. అక్కడ ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడని, ఆయన భార్యను అక్కడ పెట్టుకున్నాడని చదివాను. నువ్వు బండి ఆపితే వెనకున్న లారీలన్నీ ఆగాయని చదివాను. ఆయన తొందరపడకుండా తవ్వుకున్నాడని, ఊరివాళ్ళంతా చేయి వేశారని చదివాను. మధ్యలో నాయన "ఆఫీసరు ఏమీ అనలేదా?" అని అడిగాడు. టోపీ తీసి నిలబడ్డాడట నాయనా అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. అబద్ధమని తెలిసిపోతుందేమోనని గట్టిగా చదివాను.

"అందరినీ తీసుకుపోయినారా?" అన్నాడు.

"అందరినీ" అన్నాను.

"సరే" అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట. ఒక గంటకు ఊపిరి ఆగింది.

నీ నిజమైన జాబు వచ్చిన రోజు దాన్ని చదివి, తలుపు వేసుకుని ఏడ్చాను. నువ్వు ఆపావు. నేను అబద్ధం చెప్పానని ఇన్ని రోజులూ కుమిలిపోయాను, నువ్వు నిజంగానే ఆపావు. ఆయనైతే ఏం చేసేవాడని అడిగావు. నాకు తెలియదు తమ్ముడా. సగమే అయిందని ఆయనకు తెలియలేదు, అంతవరకు చెప్పగలను. నేను చదివిన జాబులో ఏ దిబ్బా మిగల్లేదు.

నీ అక్క,
అంజినమ్మ